నైరుతి మూల నుంచి

మా తాతయ్య పంటను అణాల్లో చెప్పేవాడు. పదహారణాలంటే ఏ లోటూ లేని పంట. పన్నెండణాలంటే ముప్పాతిక. ఎనిమిదణాలంటే ఆ ఏడు ఊళ్లో పెళ్లిళ్లు వాయిదా పడ్డట్టే. అత్తిలి దగ్గర, కాలువ కింద ఉన్న ఒక చిన్న ఊరికి ఆయన కరణం. సార్వా కోతలకు పది పదిహేను రోజుల ముందు, తెల్లవారుజామునే చేతికర్ర పట్టుకుని గట్ల వెంట బయల్దేరేవాడు. నడిచి నడిచి ఒకచోట ఆగేవాడు. వంగి ఒక వెన్ను తుంచి, గింజలు అరచేతిలో రాల్చుకుని, తాలు ఊదేసి, ఒక గింజ పంటి కింద వేసి చూసి, 'పదకొండున్నర' అనేవాడు. వెనకాల నడిచే నాకప్పుడు ఏడెనిమిదేళ్లు. ఆ పదకొండున్నర ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలిసేది కాదు. ఇంటికొచ్చాక అది ఎర్ర అట్ట పుస్తకంలోకి ఎక్కేది. అక్కడినుంచి తాలూకా కచేరీకి, కచేరీ నుంచి జిల్లాకి, జిల్లా నుంచి హైదరాబాదుకి వెళ్లేది.

ఈ విద్య ఎలా వచ్చింది తాతయ్యా అని అడిగితే ఋతుపర్ణుడి కథ చెప్పేవాడు. నలుడు బాహుకుడన్న పేరుతో ఋతుపర్ణ మహారాజుకి రథం తోలుతున్నాడు. దారిలో ఒక తాని చెట్టు కనపడింది. రాజు రథం మీదనుంచే చూసి, ఆ చెట్టుకి ఆకులెన్నో కాయలెన్నో, కింద రాలినవెన్నో చెప్పేశాడు. నలుడు నమ్మలేదు. పందెం మీద వెళ్తున్నట్టు వెళ్తున్న రథాన్ని ఆపి, చెట్టు కొట్టి, లెక్కపెట్టి చూశాడు. సరిపోయింది. అప్పుడు ఆ లెక్క విద్యనీ, దానితోపాటే పాచికల రహస్యాన్నీ రాజు దగ్గర నేర్చుకుని, బదులుగా గుర్రాల విద్య ఇచ్చాడు. అరణ్యపర్వంలోని కథ ఇది. నన్నయగారు భారతం తెలుగు చేసింది మా గోదావరి ఒడ్డున, రాజమహేంద్రవరంలోనే. చెట్టు చూసి కాయలు లెక్కకట్టడానికీ పాచికలకీ ఏమిటి సంబంధం? తాతయ్య ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు, నాకూ అడగాలని తోచలేదు. అది నాకు తెలియడానికి డిగ్రీ రెండో ఏడు రావాల్సి వచ్చింది.

1973లో భీమవరంలో బి.ఎస్సీ.లో చేరాను. లెక్కలు, ఫిజిక్స్, స్టాటిస్టిక్స్. మూడోది ఏమిటో ఇంట్లో ఎవరికీ తెలియదు. 'జనాభా లెక్కలా?' అని అమ్మ అడిగితే అవునన్నాను. తెలుగు అకాడమీ దానికి సాంఖ్యకశాస్త్రం అని పేరు పెట్టింది. అంకమధ్యమం, మధ్యగతం, బాహుళకం, క్రమవిచలనం, సహసంబంధం, ప్రతిచయనం అనే మాటలు ఆ పుస్తకాల్లోనే మొదట చూశాను. క్లాసులో మాత్రం మా లెక్చరర్ గారు గుప్తా, కపూర్ రాసిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకం పట్టుకుని, తెలుగులో చెబుతూ ఇంగ్లీషులో బోర్డు మీద రాసేవారు. ల్యాబులో ఫేసిట్ మెషీన్లు నాలుగు ఉండేవి. పిడి ముందుకి తిప్పితే కూడిక, వెనక్కి తిప్పితే తీసివేత. నలభై మందిమి వంతులేసుకుని తిప్పేవాళ్లం. మధ్యాహ్నం పూట ఆ గది పక్కనుంచి వెళ్తే మరమిల్లు పక్కనుంచి వెళ్తున్నట్టు ఉండేది.

చదివినదాంట్లో చాలాభాగం పోయింది. మొమెంట్ జెనరేటింగ్ ఫంక్షన్ అంటే ఏమిటో ఇప్పుడు నాలుగు ముక్కల్లో చెప్పగలనేమోగానీ, ఒక్క ఫలితమూ నిరూపించలేను. కానీ ఒంటికి పట్టినవి కొన్ని ఉన్నాయి. వాటిలో మొదటిది గులకరాళ్ల ప్రాక్టికల్.

ప్రతిచయనం, అంటే శాంప్లింగ్, పాఠం మొదలుపెడుతూ లెక్చరర్ గారు అందరికీ తెలిసిన సామెతే చెప్పారు. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలు. మేం తలలూపాం. మర్నాడు గోనెసంచిలో గులకరాళ్లు తెప్పించి ల్యాబు బల్ల మీద పోయించారు. నూటికి పైగా ఉంటాయి. 'ఈ రాళ్ల సగటు బరువు కావాలి. అన్నీ తూచక్కర్లేదు. బాగా చూసి, కుప్పకి సరిగ్గా అద్దం పట్టే పది రాళ్లు ఏరండి' అన్నారు. జట్లు జట్లుగా ఏరాం. చిన్నవీ పెద్దవీ సమంగా కలుపుకున్నామని అందరికీ నమ్మకమే. తూచి సగటులు బోర్డు మీద రాశారు. తరువాత కుప్ప మొత్తం తూచారు. ఒక్క జట్టు తప్ప అందరి సగటూ అసలు సగటు కంటే ఎక్కువే వచ్చింది. పెద్ద రాయి కంటికి ముందు కనపడుతుంది, చేతికి ముందు వస్తుంది. ఎవరూ మోసం చేయలేదు. అయినా అందరూ ఒకవైపుకే ఒరిగారు.

ఆ తరువాత రాళ్లకి సుద్దతో నంబర్లు వేయించి, పుస్తకం వెనక ఉన్న యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక తెరిపించారు. అందులో ఏ నంబరు వస్తే ఆ రాయే తీయాలి. ఈసారి కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ వచ్చింది. అన్నీ అసలు సగటుకి అటూ ఇటూ పడ్డాయి. లెక్చరర్ గారు అప్పుడన్నారు, అన్నం కుండలో మెతుకు ఎందుకు చాలుతుందంటే నీళ్లు కుతకుత ఉడుకుతూ కుండంతా కలియతిప్పాయి గనక. చేనునీ ఊరినీ అలా ఎవరు కలియతిప్పుతారు? ఆ పని ఈ పట్టిక చేస్తుంది.

ఆ పట్టిక పుట్టుక కూడా ఆయనే చెప్పారు. 1927లో టిప్పెట్ అనే ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు జనాభా లెక్కల నివేదికల్లోంచి అంకెలు ఏరి, 41,600 అంకెల పుస్తకం అచ్చువేశాడు. తరువాత ఫిషర్, యేట్స్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు లాగరిథమ్ పట్టికల చివరి దశాంశాలు తీసుకుని ఇంకోటి తయారుచేశారు. కరణం మనవణ్ణి కాబట్టి నాకు టిప్పెట్ కథ ఎంతో నచ్చింది. ఎవరో గుమస్తాలు కష్టపడి కూడిన లెక్కలు, అర్థమంతా రాలిపోయి ఉత్త అంకెలుగా మిగిలి, పాచికల్లా పనికొచ్చాయి. ఋతుపర్ణుడు లెక్క విద్యనీ పాచిక విద్యనీ కలిపి ఎందుకిచ్చాడో ఆ రోజు ల్యాబులో తెలిసింది. కొంచెం చూసి అంతా చెప్పాలంటే, ఆ కొంచెం ఏదో తేల్చేది పాచికే కావాలి, మన కన్ను కాకూడదు.

అదే ఏడు ఇంకో రోజు క్లాసులో లెక్చరర్ గారు జొసయా స్టాంప్ అనే ఇంగ్లండు ఆర్థికవేత్త పుస్తకంలోని కథ ఒకటి చెప్పారు. సర్కారువారు అంకెలు పోగేస్తారు, కూడుతారు, ఘనమూలాలు తీస్తారు, చక్కటి పటాలు గీస్తారు. కానీ ఆ అంకెల్లో ప్రతిదీ మొదట రాసేది పల్లెటూరి చౌకీదారు, తనకి ఏది తోస్తే అది. మన దేశం అంకెల మీద చెప్పిన మాట అది. క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేదు. చౌకీదారు అన్నచోట నాకు మా తాతయ్య కనపడ్డాడు, తెల్లవారుజామున మంచులో గట్టు మీద వంగి వెన్ను తుంచుతూ. తోచింది రాసే మనిషి అంత పొద్దున్నే ఎందుకు లేస్తాడు?

ఆ సంక్రాంతికి ఇంటికెళ్లి ఎర్ర అట్ట పుస్తకాలు దించాను. పాతికేళ్ల అణాలు రాసుకుని సగటు కట్టాను, అంకెలు ఎంత చెదిరాయో చెప్పే క్రమవిచలనం కట్టాను. తాతయ్య పడక్కుర్చీలోంచి చూస్తూ ఊరుకున్నాడు. ఆ అంకెల్లో నాకు కనపడింది ఇప్పటికీ మరిచిపోలేను. దాదాపు ప్రతి ఏడూ పదికీ పదమూడుకీ మధ్యే. వరదొచ్చిన ఏడు పది, దంచికొట్టిన పంట వచ్చిన ఏడు పన్నెండున్నర. చెదురు లేదు. చేలు పైకీ కిందికీ ఊగాయి, ఆయన అంకె ఉన్నచోటే నిలబడింది. అబద్ధం రాయలేదు. నిరుటి అంకె ఆయన చెయ్యి పట్టుకుంది. బాగా పండిన ఏడు భయం, ఎక్కువ రాస్తే పైవాళ్లు సిస్తు పెంచుతారేమోనని. పంట పోయిన ఏడు మొహమాటం, మరీ తక్కువ రాస్తే రెవెన్యూ ఇన్‌స్పెక్టరు అజమాయిషీకొచ్చి నిలదీస్తాడేమోనని. కన్ను చూసిందానికీ చెయ్యి రాసిందానికీ మధ్య ఇన్ని ఉన్నాయి.

ఇది మా తాతయ్య ఒక్కడి సంగతి కాదు. విస్తీర్ణాన్ని మామూలు దిగుబడితో హెచ్చించి, దాన్ని మళ్లీ అణాలతో హెచ్చించి పంట అంచనా కట్టడం బ్రిటిషు వాళ్ల కాలమంతా దేశంలో నడిచిన పద్ధతి. విస్తీర్ణం కొంత నయం, అడంగల్ ఉంది, సర్వే రాళ్లున్నాయి. అణా మాత్రం పూర్తిగా కంటి చూపే. దేశంలో బియ్యం ఎంత ఉందో, ఎక్కడికి పంపాలో, సిస్తు ఎవరికి మాఫీ చేయాలో అన్నీ ఆ కంటి మీద ఆధారపడ్డాయి.

ఆ కంటిని పక్కకి తప్పించే ప్రయత్నం మొదట చేసినవాళ్లలో జె.ఎ. హబ్బక్ ఒకడు. బీహార్, ఒరిస్సాల్లో పనిచేసిన ఐ.సి.ఎస్. అధికారి. 1923 నుంచి 1925 దాకా వరిచేలల్లో ఎక్కడ కోయాలో మనిషి ఇష్టానికి వదలకుండా ఎంచి, ఒక త్రికోణపు చట్రం పెట్టి, అందులో పడ్డంత మేర కోయించి తూచాడు. ఆ చట్రం ఎకరంలో 3,200వ వంతు. నులకమంచమంత కూడా ఉండదు. 1927లో దాన్ని చిన్న నివేదికగా అచ్చువేశారు. ఫిషర్ అంతటివాడు ఆ పనిని మెచ్చుకున్నాడు. తరువాత హబ్బక్ ఒరిస్సా గవర్నరు అయ్యాడు. ఆయన్ని గవర్నరుగా గుర్తుపెట్టుకున్నవాళ్లు ఇవాళ ఎవరున్నారో గానీ, వరిచేలో నిలబడ్డ ప్రతి గణాంకాల ఉద్యోగి మాత్రం ఆయనకి రుణపడి ఉన్నాడు.

దాన్ని ఒక దేశం చేసే పనిగా మార్చినవారు ప్రశాంతచంద్ర మహలనోబిస్. కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్స్ పంతులు. 1915లో కేంబ్రిడ్జి చదువు ముగించుకుని వస్తుండగా యుద్ధం వల్ల ఓడ ఆలస్యమైంది. ఆ ఖాళీలో అక్కడి లైబ్రరీలో బయోమెట్రికా అనే పత్రిక సంపుటాలు చూపించాడు ఒక అధ్యాపకుడు. వాటిని కొనుక్కుని, ఓడ మీద చదువుకుంటూ వచ్చారు. 1931 డిసెంబరు 17న ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పుట్టింది, ఆ కాలేజీ గదుల్లోనే. 1933లో పెట్టిన పత్రికకి ఆయన ఎంచుకున్న పేరు 'సంఖ్య'. 1937 నుంచి బెంగాలు జనపనార చేలల్లో ప్రతిచయన సర్వేలు నడిపారు. ఒకే ప్రాంతానికి ఒకరికొకరు సంబంధం లేని రెండు జట్లను పంపి, రెండు అంచనాలూ పక్కపక్కన పెట్టి చూడటం ఆయన పద్ధతి. రెండూ దగ్గరగా వస్తే నమ్మకం, దూరంగా పోతే ఎక్కడో పొరపాటు. చేనుచేనూ లెక్కపెట్టిన ప్రభుత్వ గణన కంటే ఆయన సర్వే చాలా తక్కువ ఖర్చుతో వ్యాపారుల లెక్కలకి దగ్గరగా వచ్చింది. అంతా లెక్కపెడితేనే నిజం అనుకునేవాళ్లకి అది మింగుడుపడలేదు.

మా క్లాసులో మహలనోబిస్ పేరు కంటే ఎక్కువ వినపడిన పేరు ఇంకోటి. కల్యంపూడి రాధాకృష్ణ రావు. లెక్చరర్ గారు ఆ పేరు చెప్పినప్పుడల్లా కుర్చీలోంచి లేచేవారు. మనవాడు, మన వాల్తేరులో చదివాడు అనేవారు. 1920లో అప్పటి బళ్లారి జిల్లా హడగలిలో పుట్టారు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం ఊళ్లలో చదువు. తండ్రి పోలీసు ఉద్యోగి, బదిలీల మీద బదిలీలు. తెల్లవారుజామున నాలుగింటికి అమ్మ లేపి, దీపం వెలిగించి పెట్టేదని పెద్దయ్యాక ఆయన గుర్తుచేసుకున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కల ఎం.ఏ. ముగించి, యుద్ధకాలంలో మిలిటరీ ఉద్యోగానికి ఇంటర్వ్యూ కోసం కలకత్తా వెళ్లారు. ఆ ఉద్యోగం రాలేదు. అక్కడ తారసపడ్డ ఒకాయన మాట మీద ఇన్‌స్టిట్యూట్ చూడ్డానికి వెళ్లి, 1941 జనవరి 1న అందులో చేరారు. కలకత్తా విశ్వవిద్యాలయం స్టాటిస్టిక్స్‌లో ఎం.ఏ. మొదలుపెట్టగానే తొలి జట్టులో చదివి, 1943లో పాసై, వెంటనే పాఠం చెప్పడం మొదలుపెట్టారు.

ఆ పాఠాల్లో ఒక రోజు జరిగినదాన్ని ప్రతి స్టాటిస్టిక్స్ విద్యార్థీ వినే ఉంటాడు. పెద్ద నమూనాలకి ఒక అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో ఫిషర్ చెప్పిన ఫలితాన్ని రావుగారు వివరిస్తున్నారు. ఒక విద్యార్థి లేచి, చిన్న నమూనాలకి కూడా అలాంటిది చెప్పలేమా అని అడిగాడు. ఆ రాత్రి రావుగారు కూర్చుని సాధించారు. మర్నాడు క్లాసులో చెప్పారు. 1945లో అచ్చయిన ఆ ఫలితమే క్రామర్–రావు హద్దుగా ప్రపంచంలో నిలబడింది. ఎంత తెలివైన లెక్క కట్టినా, చేతిలో ఉన్న సమాచారం నుంచి ఇంతకు మించిన కచ్చితత్వం రాదు అని గీసిన గీత అది. రావుగారికి 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వచ్చింది, అదే ఏడాది ఆగస్టులో 102 ఏళ్ల వయసులో వెళ్లిపోయారు.

ప్రశ్న అడిగిన విద్యార్థి పేరు వి.ఎం. దండేకర్. మా లెక్చరర్ గారు ఆ పేరు చెప్పి వదిలేశారు. ఆ దండేకర్ తరువాత పుణెలోని గోఖలే ఇన్‌స్టిట్యూట్‌లో ఆర్థికశాస్త్రజ్ఞుడై, 1971లో నీలకంఠ రథ్‌తో కలిసి మన దేశ పేదరికం మీద పేరుమోసిన పుస్తకం రాశారు. 1976లో పంటల బీమా ఎలా ఉండాలో రాశారు. రైతు రైతుకీ నష్టం చూసి బీమా ఇవ్వడం అయ్యే పని కాదు, ఒక ప్రాంతం మొత్తం సగటు దిగుబడిని కొలిచి, అది మామూలు కంటే ఎంత తగ్గిందో దాన్నిబట్టి ఆ ప్రాంతం రైతులందరికీ ఇవ్వాలి అన్నది ఆయన వాదం. 1985లో దేశమంతటికీ వచ్చిన సమగ్ర పంటల బీమా పథకం ఆ దారినే నడిచింది. ఆ సగటు దిగుబడిని కొలవాల్సింది ఎవరు? మేమే.

1981లో నేను అర్థ గణాంక శాఖలో చేరాను. పంట కోత ప్రయోగం అంటే ఏమిటో ఒకసారి చెప్పాలి, ఎందుకంటే ఊళ్లో చాలామంది మమ్మల్ని చూశారేగానీ మేమేం చేస్తున్నామో ఎవరూ చెప్పలేదు. ఊరు యాదృచ్ఛికంగా వస్తుంది. ఊళ్లో సర్వే నంబరూ అలాగే వస్తుంది. ఆ చేను నైరుతి మూలకి వెళ్లి నిలబడతాం. పొడుగెన్ని అడుగులో వెడల్పెన్ని అడుగులో నడిచి లెక్కపెడతాం. పట్టికలోంచి రెండు సంఖ్యలు తీస్తాం. మొదటిది పొడుగు వెంట, రెండోది చేలోకి. ఆ అంకెలు ఎక్కడ దింపితే అక్కడ ఒక మేకు. అక్కడినుంచి అయిదు మీటర్లు ఇటు, అయిదు మీటర్లు అటు తాడు. ఐమూల 7.07 మీటర్లు వస్తేనే మూలలు సరిగ్గా ఉన్నట్టు. తాడు లోపలిది మాత్రమే కోసి, నూర్చి, తూర్పారబట్టి, తూచాలి. పాతిక చదరపు మీటర్లంటే హెక్టారులో 400వ వంతు. అంటే తూకంలో వంద గ్రాములు తేడా వస్తే హెక్టారుకి నలభై కిలోలు తేడా. ఒక దోసెడు గింజలు జల్లెడ కింద మిగిలిపోతే జిల్లా లెక్క మారుతుంది.

తాడు ఇంత పెద్దది ఎందుకయిందో దాని వెనక పెద్ద తగువే ఉంది. మహలనోబిస్ చిన్న చిన్న కోతలు చాలన్నారు. వ్యవసాయ పరిశోధన మండలిలో పనిచేసిన పి.వి. సుఖాత్మే కాదన్నారు. కోత చిన్నదైనకొద్దీ లోపలి జాగాకి అంచు ఎక్కువ. అంచు మీద ఉన్న దుబ్బు లోపలిదా బయటిదా అన్నప్పుడు కోసేవాడి చెయ్యి లోపలికే లాగుతుంది. దాంతో దిగుబడి ఉన్నదానికంటే ఎక్కువ కనపడుతుంది. నలభైల్లో ఇద్దరూ కాగితాల మీద గట్టిగా వాదించుకున్నారు. చేలో ముప్పై ఏళ్లు తాడు కట్టినవాడిగా నా తీర్పు సుఖాత్మే వైపు. నా చెయ్యే ఎన్నిసార్లు దుబ్బుని లోపలికి లాగబోయిందో నాకు తెలుసు. బల్ల మీద పెద్ద గులకరాయి వైపు వెళ్లిన చెయ్యే అది.

నా మొదటి కోతల్లో ఒకటి మా పక్క ఊరికే పడింది. తాతయ్యకి అప్పటికి డెబ్బై ఎనిమిది. కరణీకం మా పెదనాన్న చేస్తున్నాడు. రిక్షా కట్టించుకుని మరీ వచ్చి గట్టు మీద నిలబడ్డాడు. నేను నైరుతి మూల నుంచి అడుగులు కొలుస్తుంటే చూశాడు. పట్టిక తీసి అంకె చదివితే, 'ఆ కాగితానికేం తెలుసురా ఈ చేను సంగతి?' అన్నాడు. 'ఏమీ తెలీదు తాతయ్యా, అందుకే దాన్ని అడుగుతున్నా' అన్నాను. ఆయన చేను మొత్తం ఒకసారి కళ్లతో తడిమి, ఎకరానికి పదిహేడు బస్తాలు అన్నాడు. కోసి తూస్తే 9.4 కిలోలు వచ్చాయి. ఎకరానికి ఇరవై బస్తాలు దాటింది. తాతయ్య ఒక గింజ నోట్లో వేసుకుని, 'పచ్చి' అన్నాడు. అంతే అన్నాడు. సంచిలో కట్టి తీసుకెళ్లి రోజూ ఎండబోసి తూచితే చివరికి 8.6 కిలోల దగ్గర నిలబడింది. పద్ధెనిమిదిన్నర బస్తాలు. ఎండబెట్టాక తూచి ఆ తగ్గుదల లెక్కలోకి తీసుకోవాలన్న సంగతి నాకు శిక్షణలో చెప్పారు. ఎందుకో తెలిసింది మాత్రం ఆ గింజ ఆయన పళ్ల కింద నలిగినప్పుడే. ఆ మరుసటి ఏడు ఆయన పోయాడు. 1984 జనవరిలో ప్రభుత్వం కరణాలనీ మునసబులనీ రద్దు చేసింది. ఎర్ర అట్ట పుస్తకాలు పెదనాన్న దగ్గరనుంచి నా దగ్గరికి వచ్చాయి.

1996 నవంబరు 6న కోనసీమ మీద తుపాను పడినప్పుడు నేను అక్కడ ఒక మండలంలో పనిచేస్తున్నాను. కొబ్బరిచెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. సార్వా చేలు నీళ్లలో చాపలా పడుకున్నాయి. కోత ప్రయోగాలు ఆగవు, బీమా లెక్కకి అవే కావాలి. ముందే ఎంపికైన ఒక చేనుకి వెళ్లాను. కౌలురైతుది, అరవై ఏళ్ల మనిషి. చేలో మూడొంతులు కుళ్లిపోయింది. ఈశాన్యం వైపు కాస్త మెరక ఉంది, అక్కడ మాత్రం చేను నిలబడి ఉంది. నైరుతి మూల నుంచి అడుగులు కొలుచుకుంటూ వెళ్తే నా రెండు అంకెలూ సరిగ్గా ఆ మెరక మీద దింపాయి.

ఆయన చేతులు జోడించాడు. 'నాలుగడుగులు ఇటేసుకోండి బాబూ. మీరూ చూత్తున్నారు కదండీ, పోయిందే కదండీ అంతా' అన్నాడు. నిజమే, పోయింది. నాలుగడుగుల్లో ఏముంది? నాకు మాట రాలేదు. మేకు అక్కడే కొట్టాను. ఆయన ఇంకేమీ అనలేదు. కొడవలి తీసుకుని తాడు లోపలి చేనంతా తనే కోసి పెట్టాడు.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఆ తరువాత ఇన్నేళ్లలో ఎన్ని రాత్రులు పట్టలేదో లెక్కలేదు. అయినా నేను చేసింది సరైన పనే అని ఇవాళా అంటాను. జాలితో నేను నాలుగడుగులు జరపొచ్చంటే, ఇంకోచోట ఇంకొకడు భయంతోనో లంచంతోనో అటు నాలుగడుగులు జరుపుతాడు. ఇద్దరికీ అనుమతి ఒక్కటే. వందల మేకులు ఎక్కడ పడాలో ఎవరి మంచితనానికీ ఎవరి చెడ్డతనానికీ వదలకుండా ఉంటేనే ఆ ప్రాంతం సగటు నిజం చెబుతుంది, ఆ నిజం మీదే వేలమంది రైతుల డబ్బు ఆధారపడి ఉంటుంది. మెరక మీద పడ్డ మేకులుంటే ముంపులో పడ్డ మేకులూ ఉంటాయి. కానీ సగటు ఆయన చేను కాదు. దండేకర్ పద్ధతిలో ఉన్న లోటు అదే. ఊరంతా బాగుండి ఒక్కడి చేను మునిగితే ఆ ఒక్కడికీ ఏమీ రాదు. 2016లో వచ్చిన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో వడగళ్లవాన లాంటి స్థానిక నష్టాలకి చేనుచేనుకీ విడిగా అంచనా కట్టే ఏర్పాటు పెట్టారు. ఆ ఏర్పాటు ఇంకా ఎన్నో ఏళ్ల ముందు రావాల్సింది.

ఇప్పుడు చేలోకి ఫోను తీసుకెళ్లి ఫొటోలు తీస్తున్నారు, చోటు ఎక్కడో ఫోనే పట్టేస్తుంది. మంచిదే. కానీ తాడు పట్టుకునేది మనిషే, దుబ్బు లోపలా బయటా అని తేల్చేది మనిషే, కాటా చూసేది మనిషే. అందుకే నాదొక విన్నపం. ఈ ఏడు మీ ఊళ్లో పంట కోత ప్రయోగం పడితే, చేను మీది కాకపోయినా వెళ్లి గట్టు మీద నిలబడండి. నైరుతి మూల నుంచి వాళ్లతోపాటు మీరూ అడుగులు లెక్కపెట్టండి. ఐమూల కొలవమని అడగండి. తూకం వేసేటప్పుడు ఎంత వచ్చిందో పైకి చదివించుకుని, మీ దగ్గర కూడా రాసుకోండి.